చర్చిలో చివరి క్వార్టర్

శనివారం పొద్దున గడ్డం గీసుకుంటూ డెల్మార్ స్ట్రిక్‌లాండ్ ఆ రోజు జరగవలసినవన్నీ మనసులో మరోసారి వరసగా పేర్చుకున్నాడు. పన్నెండింటికి ఆట మొదలు. మూడింటికి కూతురి పెళ్లి. ఈ రెండింటికీ మధ్య ఎక్కడా పేచీ లేదు. లేకుండా చూసుకున్నది తనే.

సెప్టెంబరులో పెళ్లి చేసుకుంటానని టెస్సా అన్న రోజున అతని గుండె జారింది. టెనెసీలోని వాళ్ల ఊళ్లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారాలు దేవుడివీ కావు, మనుషులవీ కావు. కాల్డర్ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టువి. ఆ రోజుల్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు మగవాళ్లు లేని ఫొటోలు దిగి గోడకి తగిలించుకోవాలి. అంచేత డెల్మార్ ఆటల పట్టికని పంచాంగంలా ముందు పరుచుకుని, ఆ ఏడాది మొత్తంలో ఎవరూ చూడనక్కర్లేని ఆట ఒకటి వెతికి పట్టాడు. పైన్ ఫోర్క్ కాలేజీతో ఆట.

పైన్ ఫోర్క్ అంటే కొండల్లో ఉన్న చర్చివాళ్ల కాలేజీ. విద్యార్థులందరినీ పోగేసి తెచ్చినా కాల్డర్ స్టేట్ స్టేడియంలో ఒక మూల నిండదు. సీజను మొదట్లో పెద్ద జట్లు ఒళ్లు వేడెక్కించుకోవడానికి ఇలాంటివాళ్లని పిలుస్తాయి. వాళ్లు రావడం, శుభ్రంగా తన్నులు తిని, పిలిచినందుకు దణ్ణం పెట్టి బస్సెక్కడం ఆనవాయితీ. ఆ ఏడు కాల్డర్ స్టేట్ దేశం మొత్తం మీద మూడో స్థానంలో ఉంది. పైన్ ఫోర్క్ ఎన్నో స్థానంలో ఉందో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

భార్య లొరీన్‌కి అతను ఈ సంగతి చెప్పలేదు. ఆ తేదీకి ఎండ తగ్గి గాలి చల్లబడుతుందని చెప్పాడు. చల్లబడలేదు, పొద్దున్నే చొక్కా కాలరు మెడకి అతుక్కుంటోంది. లొరీన్‌కి ఆట మీద పగేమీ లేదు గాని, మొగుడి సంగతి బాగా తెలుసు. ఇంట్లోంచి బయల్దేరేముందు చెయ్యి చాపింది.

"ఫోను ఇలా ఇయ్యి. కేకు కోసేదాకా నీ నోట ఫుట్‌బాల్ మాట రాకూడదు."

"పైన్ ఫోర్క్‌తో ఆటకి ఫోనెందుకే? పిల్లి ఎలకని పట్టిందా లేదా అని ఎవరైనా వాకబు చేస్తారా?" అంటూ డెల్మార్ ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. అంత తేలిగ్గా ఇచ్చేసినందుకు లొరీన్‌కి కాస్త అనుమానం కూడా వేసింది.

ఆ పెళ్లిలో పైన్ ఫోర్క్ తరఫు మనిషి ఒక్కరే ఉన్నారు. పెళ్లికొడుకు వేడ్ ఆట్రీ వాళ్ల నానమ్మ, మిస్ ఇమోజెన్. అక్కడ పెళ్లయిన పెద్దావిడల్ని కూడా గౌరవంగా మిస్ అనే అంటారు. ఎనభై దాటిన మనిషి, పొట్టిగా, పల్చగా, గంధపు చెక్కలా ఉంటుంది. ఆవిడ చదివింది ఆ కాలేజీలోనే, కీర్తిశేషుడైన భర్త హొరేస్ ఆడింది ఆ జట్టులోనే. ముందురోజు సాయంత్రం రెండు కుటుంబాలూ కలిసి భోంచేస్తున్నప్పుడు డెల్మార్ కాస్త చనువు తీసుకుని, రేపు పెళ్లి జరిపించే పాస్టరు బ్రదర్ ఎల్బర్ట్ చేత మీ కుర్రాళ్ల కోసం కూడా ఒక ప్రార్థన చేయిస్తానన్నాడు. మిస్ ఇమోజెన్ నవ్వి, "నీ కడుపు చల్లగుండ, డెల్మార్" అంది. ఆ ప్రాంతపు ముసలమ్మలు అలా అన్నారంటే అది దీవెన కాదని అతనికి తెలుసు. అయినా ఖాతరు చెయ్యలేదు.

మధ్యాహ్నమంతా చర్చి ముందు ఫొటోలతో సరిపోయింది. ఫొటోగ్రాఫరు మగవాళ్లని పిలిచినప్పుడల్లా నలుగురు రావలసినచోట ఇద్దరే వస్తున్నారు. మిగతావాళ్లు పార్కింగులో కార్లలో కూర్చుని ఉన్నారు. ఎండకి తాళలేక ఏసీ వేసుకుని కూర్చున్నారు పాపం అని డెల్మార్ జాలిపడ్డాడు. వాళ్లలో ఒకడు కారు స్టీరింగుకి తల ఆనించి ఉండటం చూసి, వడదెబ్బేమోనని మంచినీళ్లు కూడా పంపించాడు.

మూడు కావొస్తుండగా చర్చి వాకిటి గదిలో తండ్రీ కూతుళ్లిద్దరే మిగిలారు. టెస్సా తెల్లటి గౌనులో, గుప్పెట్లో పూలగుత్తితో, ఆర్గన్ ఎప్పుడు మొదలవుతుందా అని చెవులు రిక్కించి ఉంది. అప్పుడు లోపలి తలుపు సందులోంచి హొబర్ట్ దూరాడు. అతను లొరీన్ తమ్ముడు, ఆ పెళ్లిలో అతిథుల్ని కూర్చోబెట్టే పని అతనిది. హైస్కూల్లో ఎదుటివాళ్లని పట్టి పడేసే ఆటగాడు. ఒళ్లు ఇప్పటికీ బీరువాలా ఉంటుంది, కడుపులో మాట మాత్రం నిలవదు. వచ్చి డెల్మార్‌ని పక్కకి లాగాడు.

"బావా, సంగతి బాగాలేదు. నీకు చెప్పొద్దనే అనుకున్నాను. నాలుగు క్వార్టర్లలో చివరిది నడుస్తోంది. ఇరవై ఒకటి, ఏడు."

"ఇరవై ఒకటేనా? ఈపాటికి యాభై కొట్టాలే" అన్నాడు డెల్మార్.

"మనది ఏడు" అన్నాడు హొబర్ట్, శవం దగ్గర మాట్లాడే గొంతుతో.

డెల్మార్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. హొబర్ట్ ఎంత మెల్లిగా వచ్చాడో అంత మెల్లిగానూ వెళ్లిపోయాడు. టెస్సాకి వాళ్ల మాటల్లో "బాగాలేదు", "నీకు చెప్పొద్దనే" అన్న ముక్కలు మాత్రం వినపడ్డాయి. తండ్రి మొహం చూసేసరికి మిగతాది ఆమె ఊహించుకుంది.

"నాన్నా, ఏమైంది? వేడ్ వచ్చాడా?"

"ఆఁ? వచ్చాడమ్మా. అందరూ వచ్చారు. ఏం లేదు." డెల్మార్ చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. కేకు కోసేదాకా ఆ మాట ఎత్తకూడదని లొరీన్ ఆజ్ఞ, కూతురితో అబద్ధమాడటం చేతకాదు. "మొదట్లో తడబడ్డా చివరికి తేరుకుంటారు. ఇంకా టైముంది."

"ఎవరు తేరుకుంటారు?"

"అనుభవం ఉన్నవాళ్లు కదమ్మా. ఇలాంటిది వాళ్లకి కొత్తేం కాదు" అన్నాడు డెల్మార్, తనకి తనే ధైర్యం చెప్పుకుంటూ.

వేడ్‌కి పెళ్లి ఎలా కొత్త కాదో టెస్సా అడగబోయేలోగా ఆర్గన్ మోగింది, తలుపులు తెరుచుకున్నాయి.

తండ్రి కూతుర్ని వేదిక దాకా నడిపించడం చూసి ఆడవాళ్లందరూ కళ్లొత్తుకున్నారు. పిల్లని పంపలేక డెల్మార్ అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాడని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. అతని కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. రెండువైపులా మగవాళ్లందరూ తలలు వంచుకుని, ప్రార్థన పుస్తకాలు ఒళ్లో తెరిచి పెట్టుకుని, కదలకుండా ఉన్నారు. పుస్తకాల్లోంచి వాళ్ల గడ్డాల మీదకి నీలం వెలుగు పడుతోంది. మొదటి వరసలో లొరీన్ వెనక్కి తిరిగి ఆ భక్తి చూసి, ఊళ్లో మగవాళ్లని ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశానే అని నొచ్చుకుంది.

బ్రదర్ ఎల్బర్ట్ ప్రేమ గురించి వాక్యం చదువుతూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగగానే వెనక వరసల్లోంచి ఒక్కసారిగా "ఆమెన్" అని వినపడింది. డెల్మార్‌కి అర్థమైంది. కాల్డర్ స్టేట్ బంతిని గీత దాటించి ఒక టచ్‌డౌన్ సాధించింది, ఇక తేడా ఏడు పాయింట్లే. పోయిన ప్రాణం లేచొచ్చింది. మొహం వికసించడం చూసి బ్రదర్ ఎల్బర్ట్ అతని వంక ఆప్యాయంగా తలూపాడు.

లొరీన్ మాత్రం ఆ ఆమెన్ వినలేదు. ఆమె దృష్టంతా పక్క వరసలో ఉన్న మిస్ ఇమోజెన్ మీద ఉంది. ముసలావిడ మొదట్నుంచీ కళ్లు మూసుకుని, రుమాలు నలిపేస్తూ, పెదవులు కదుపుతోంది. మధ్యమధ్య "దేవుడా, ఇది కానివ్వకు" అంటోంది. ఒకసారి "ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు" అని నిట్టూర్చింది కూడా. మా పిల్ల నచ్చలేదన్నమాట, అనుకుంది లొరీన్. రాత్రి భోజనాల దగ్గర డెల్మార్‌తో ఆవిడ అలా ఎందుకందో ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. మిస్ ఇమోజెన్ చెవిలో కొత్త మిషను ఉంది. ఫోనులో వచ్చే రేడియో నేరుగా చెవిలోకే వినిపించే రకం. ముందురోజే దాన్ని సరిచేసి పెట్టింది మనవడు వేడ్. నానమ్మకి పొద్దుపోక వింటుంది, పైన్ ఫోర్క్ ఎలాగూ పావుగంటలో చిత్తవుతుంది, తర్వాత తీసేస్తుంది అనుకున్నాడు. ఆవిడ తియ్యలేదు.

బ్రదర్ ఎల్బర్ట్ పాతకాలం మనిషి. ఈ రోజుల్లో చాలామంది వదిలేసిన ప్రశ్న అతను వదల్లేదు. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలి, లేదా ఎప్పటికీ మౌనంగా ఉండాలి అని గంభీరంగా అడిగి, ఆచారం ప్రకారం కాసేపు ఆగాడు. సరిగ్గా ఆ క్షణాన స్టేడియంలో కాల్డర్ స్టేట్ కుర్రాడొకడు పైన్ ఫోర్క్ తన్నిన బంతిని అందుకుని, చంకలో పెట్టుకుని, మైదానం ఆ చివర్నుంచి ఈ చివరకి పరుగు లంకించుకున్నాడు.

మిస్ ఇమోజెన్ లేచి నిలబడింది.

"ఆపండి వాణ్ణి. ఎవరూ పట్టుకోరేం? పారిపోతున్నాడు, పట్టుకుని పడెయ్యండి."

చర్చంతా కొయ్యబారిపోయింది. టెస్సా చేతిలో పూలగుత్తి జారిపోయింది. నానమ్మకేదో అయిందనుకుని, వేడ్ ఆవిడ దగ్గరికి వెళ్లడానికి ఒక్క అడుగు వేశాడు. ఆ అడుగే కొంప ముంచింది. పక్క గోడనానుకుని నిలబడ్డ హొబర్ట్‌కి పెద్దావిడ ఆజ్ఞ వినపడింది, పెళ్లికొడుకు కదలడం కనపడింది. ఆలోచించడం అతని పద్ధతి కాదు. తల వంచి, మూడంగల్లో దూసుకొచ్చి, వేడ్ నడుము పట్టుకుని, అతన్నీ పక్కనున్న పూలస్తంభాన్నీ కలిపి కింద పడేశాడు.

"నాకు ముందే తెలుసు" అంది టెస్సా. అంది ఎవరితోనూ కాదు. గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని వేదిక పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

లొరీన్ మిస్ ఇమోజెన్ ముందుకి వచ్చి నిలబడింది. కోపంతో ఆమె గొంతు మెత్తబడిపోయింది. డెల్మార్ ఎరిగినంతలో అది చాలా చెడ్డ సూచన.

"పెద్దవారు, ఒక్క మాట చెప్పండి. మా అమ్మాయిలో మీకు కనపడిన లోపమేమిటి?"

మిస్ ఇమోజెన్ కళ్లు మూసుకునే వేలెత్తింది. "కాస్త ఆగమ్మా. ఇంకో తన్ను మిగిలుంది."

లొరీన్ రెండడుగులు వెనక్కి వేసింది.

డెల్మార్‌కి మాత్రం ఆ మాటతో మబ్బు విడిపోయింది. టచ్‌డౌన్‌కి ఆరు పాయింట్లు, తర్వాత బంతిని స్తంభాల మధ్యకి తన్నితే ఇంకో పాయింటు. ముసలావిడ చెవి వంక చూశాడు. మెల్లిగా వెళ్లి ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మిస్ ఇమోజెన్, ఏమైంది?"

"పక్కకి పోయింది" అందావిడ కళ్లు తెరిచి. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. "ఇరవై ఒకటి, ఇరవై. ఇంకా మేమే ముందున్నాం, డెల్మార్."

ఒక పక్క మూసిన తలుపు, లోపల కూతురి ఏడుపు. ఒక పక్క ఒక్క పాయింటు తేడా, ఇంకా కాస్త ఆట. డెల్మార్ ఒక లిప్తకాలం అక్కడే ఉండిపోయాడన్నది నిజం. తర్వాత మోకాళ్ల మీద చేతులానించి లేచి తలుపు దగ్గరికి నడిచాడు.

"టెస్సా, నేనే. తప్పంతా నాది. ఆవిడ అరిచింది వేడ్ గురించి కాదు, ఆట గురించి. ఇందాక నా మొహం పాలిపోయిందీ అందుకే. పైన్ ఫోర్క్ మనల్ని ఉతికి ఆరేస్తోంది."

లోపల ఏడుపు ఆగింది.

"వేడ్ పారిపోలేదా?"

"ఎక్కడికి పారిపోతాడమ్మా. వాడు నేల మీదున్నాడు. మీ మావయ్య వాడి మీదున్నాడు."

డెల్మార్ తలుపుకి నుదురు ఆనించి మిగతాది కూడా కక్కేశాడు. ముహూర్తం ఈ రోజుకి ఎందుకు పెట్టించాడో, చల్లగాలి కబురు ఎందుకు చెప్పాడో దాచుకోకుండా చెప్పాడు. నీ పెళ్లి కంటే ఆట ఎక్కువని కాదమ్మా, రెండూ వదులుకోలేని దౌర్భాగ్యుణ్ణి అన్నాడు. వెనక నుంచున్న లొరీన్ ఇదంతా వింటోందని అతనికి తెలియదు.

తలుపు తెరుచుకుంది. టెస్సా కళ్లకి పెట్టుకున్న కాటుక బుగ్గల మీద చారలు కట్టింది. వేదిక మీదకి నడిచింది. అప్పటికి హొబర్ట్ పెళ్లికొడుకుని లేపి, కోటు మీది పూలరేకులు దులుపుతూ క్షమాపణ చెప్పుకుంటున్నాడు. ఆమె వేడ్ దగ్గరికి వెళ్లి, బాగా తగిలిందా అని అడిగి, జనం వైపు తిరిగింది.

"ఎంతమంది ఫోనుల్లో ఆట చూస్తున్నారు?"

మగవాళ్లందరూ చేతులెత్తారు. ఆడవాళ్లలో సగం మంది ఎత్తారు. ఆర్గన్ వెనకనుంచి కూడా ఒక చెయ్యి లేచింది.

"ప్రమాణం జీవితంలో ఒకసారే చేస్తాను. వింటున్నవాళ్ల ముందు చేస్తాను, ఇలా కాదు. ముందు ఆ ఆట కానివ్వండి" అంది టెస్సా. చెప్పి, మెట్ల మీద కూర్చుంది. వేడ్ నడుము పట్టుకుని జాగ్రత్తగా ఆమె పక్కన కూర్చున్నాడు.

బ్రదర్ ఎల్బర్ట్ గొంతు సవరించుకుని, ప్రసంగ పీఠం కింది అరలోంచి చిన్న రేడియో తీశాడు. అది అక్కడికెలా వచ్చిందని ఎవరూ అడగలేదు. స్టేషను వెతుక్కోనక్కర్లేకుండా మీట నొక్కగానే ఆటే వినిపించడం మాత్రం అందరూ గమనించారు.

అంతా ముందుకి జరిగారు. కాల్డర్ స్టేట్ చేతిలో బంతి ఉంది. అడుగడుగునా తోసుకుంటూ పైన్ ఫోర్క్ గీతకి బాగా దగ్గరకొచ్చింది. ఆఖరి క్షణాలు. ఇక బంతిని స్తంభాల మధ్యకి తన్నితే చాలు, మూడు పాయింట్లు, గెలుపు. తన్నేవాడు ఆ ఏడు ఒక్కసారి కూడా గురి తప్పనివాడు. డెల్మార్ తృప్తిగా ఊపిరి వదిలాడు. పక్కనే మిస్ ఇమోజెన్ వేళ్లు అతని చేతిని పట్టుకున్నాయి. ఎప్పుడు పట్టుకుందో అతను గమనించలేదు. పాపం, ఇంత దూరం రాగలిగారు, అదే గొప్ప అని ఓదార్పు మాట ఒకటి సిద్ధం చేసి పెట్టుకున్నాడు.

రేడియోలో బంతి తన్నిన చప్పుడు వినిపించింది. వెంటనే ఇంకో చప్పుడు. వ్యాఖ్యాత గొంతు కీచుమంది. పాస్టరు చదువు చదువుతున్న పైన్ ఫోర్క్ కుర్రాడొకడు ప్రార్థనలో ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తి గాల్లోకి లేచాడట. బంతి వాడి అరచేతికి తగిలి పక్కకి దొర్లిపోయిందట. ఆట అయిపోయింది.

ఒక్క పాయింటుతో పైన్ ఫోర్క్ గెలిచింది. అంతమంది పెద్దవాళ్లు అంత దుఃఖంగా ఆ హాల్లో కూర్చున్నది అంత్యక్రియలప్పుడు కూడా లేదు. హొబర్ట్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మిస్ ఇమోజెన్ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. "హొరేస్ నాలుగేళ్లు ఆడాడు" అంది డెల్మార్‌తో, ఏదో మామూలు విషయం చెబుతున్నట్టు. "ఒక్క ఆటా గెలవలేదు. అయినా ప్రతి శనివారం బూట్లకి పాలిష్ పెట్టించుకుని మరీ వెళ్లేవాడు. ఓడిపోయేవాడికి బూట్లెందుకురా అని అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను."

డెల్మార్ సిద్ధం చేసుకున్న మాట ఆ సందర్భానికి పనికిరాకుండా పోయింది. మీ కాలేజీకి పాటేమైనా ఉందా అని అడిగాడు. ఉందంది. అయితే పాడండి అన్నాడు. ఆవిడ అతని చెయ్యి ఊతంగా లేచి, పీలగొంతుతో, ఓడిన జనం మధ్య, చరణాలన్నీ వదలకుండా పాడింది. ఆర్గన్ వాయించే ఆవిడకి ఆ పాట రాదు గాని రెండో చరణానికి స్వరం అందుకుంది. కాల్డర్ స్టేట్ మనిషి డెల్మార్ స్ట్రిక్‌లాండ్ పాట అయ్యేదాకా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత పెళ్లి జరిగింది. చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు, ఆ చర్చిలో పెళ్లి ప్రమాణాలు అంత శ్రద్ధగా విన్న జనం ఇంకెప్పుడూ లేరని. వినక ఏం చేస్తారు, ఆ రోజుకి ఆశ పెట్టుకోవడానికి వాళ్లకి ఇక ఇంకేం మిగిలింది. బ్రదర్ ఎల్బర్ట్ అభ్యంతరాల ప్రశ్న మళ్లీ అడగలేదు. వేడ్ "చేసుకుంటాను" అన్నప్పుడు పక్కటెముకల నొప్పికి గొంతు వణికింది. ఆడవాళ్లు మళ్లీ కళ్లొత్తుకున్నారు.

చర్చి వెనక హాల్లో వేయించిన కోడి, తియ్యటి ఐస్ టీ, రెండు కేకులు. వాటిలో ఒకటి పెళ్లికొడుకు పేర డెల్మార్ ప్రత్యేకంగా చేయించినది, కాల్డర్ స్టేట్ స్టేడియం ఆకారంలో. దాని దగ్గరికి వెళ్లడానికి ఎవరికీ మనస్కరించలేదు. చివరికి మిస్ ఇమోజెనే కత్తి తీసుకుని, గోల్ స్తంభాలున్న వైపు నుంచి పెద్ద ముక్క కోసుకుంది. తింటూ, హొబర్ట్‌ని దగ్గరికి పిలిచి, "బాబూ, మీ జట్టు మొత్తం మీద ఇవాళ మనిషిని సరిగ్గా పట్టి పడేసినవాడివి నువ్వొక్కడివే" అని మెచ్చుకుంది. హొబర్ట్ మొదటిసారి నవ్వాడు.

లొరీన్ మొగుడి పక్కకొచ్చి కూర్చుంది. చల్లగాలి కోసం ఈ తేదీ పెట్టావని అందరికీ చెప్పుకున్నాను కదా, ఇప్పుడేం చెప్పుకోమంటావని అడిగింది. డెల్మార్ తల దించుకున్నాడు. ఆమె కాసేపు అతన్ని అలాగే ఉండనిచ్చి, తన పళ్లెంలోంచి కోడికాలు తీసి అతని పళ్లెంలో వేసింది. దాంతో ఆ విచారణ ముగిసింది.

సోమవారం డెల్మార్ తన పెయింట్ల దుకాణం తెరిచేసరికి బయట జనం ఉన్నారు. కొందరు పెళ్లికి అభినందించడానికొచ్చారు, కొందరు ఆటకి పరామర్శించడానికొచ్చారు. అందరూ చెయ్యి పట్టుకుని, భుజం తట్టి, మాట పెగలక నిలబడుతున్నారు. ఎవరు దేనికొచ్చారో తేల్చుకోలేక, సాయంత్రం దాకా అందరికీ అతను ఒకటే జవాబు చెప్పాడు: "ఏం చేస్తాం, దైవనిర్ణయం."